పానగల్ గుళ్లు, బత్తాయి తోటలు: నల్గొండలో తీరిగ్గా ఒక రోజు

మీరు సిసిలీ వెళ్లినప్పుడు పొద్దున పాత గుళ్ల శిథిలాలు చూసి, మధ్యాహ్నం ద్రాక్ష తోటలో కూర్చుని భోంచేసిన రోజు మీ మనసులో నిలిచిపోయిందని రాశారు. ఇప్పుడు అత్తమామలను, తొమ్మిదేళ్ల బాబును తీసుకుని హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరేలా, నల్గొండ, పాలమూరు వైపు అలాంటి రోజు దొరుకుతుందా అని అడిగారు. దొరుకుతుందమ్మా. కాకపోతే ద్రాక్ష కోసం వెతక్కండి, బత్తాయి దగ్గరికి రండి. నేను ఉద్యాన శాఖలో పనిచేసి రిటైర్ అయ్యాను, సర్వీసులో ఎక్కువ కాలం నల్గొండ బత్తాయి తోటల్లోనే తిరిగాను. మా ఇంటికొచ్చిన చుట్టాలను ఇన్నేళ్లుగా తీసుకెళ్తున్న దారినే మీకూ చెప్తాను.

ద్రాక్ష ఎందుకు వద్దంటున్నానో ముందు చెప్పాలి. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లు బాగా ఉండేవి. అనాబ్‌షాహీ అనే పొడుగాటి కాయల ద్రాక్షకు పేరొచ్చింది ఇక్కడే. ఆ భూముల్లో చాలా భాగం ఇప్పుడు ప్లాట్లు. మిగిలిన తోటలు అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్నాయి. కాయ ఉండేది ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. పైగా పందిరి ద్రాక్షకు మందులు ఎక్కువ కొట్టాల్సి వస్తుంది కాబట్టి పిల్లలతో లోపల తిరగడం నాకు ఇష్టం ఉండదు. బత్తాయి అలా కాదు. నల్గొండ నేలకు అది సొంత పంటలా అతుక్కుపోయింది. మీకు కావాల్సిన నీడా, కూర్చునే చోటూ, కోసుకు తినే పండూ అన్నీ ఆ చెట్టు కిందే ఉన్నాయి.

ఇంకో మాట. ఒక్క రోజులో రెండు గుళ్లు, ఒక చెరువు, ఒక తోట. అంతకంటే ఒక్కటి కూడా ఎక్కించకండి. చాలా ఏళ్ల కింద మా బావమరిది కుటుంబం వస్తే పానగల్, పిల్లలమర్రి, ఫణిగిరి, నాగార్జునసాగర్ అన్నీ ఒకే రోజు చూపిద్దామని కారెక్కించాను. ఫణిగిరి గుట్ట కిందికి వెళ్లేసరికే పొద్దు గూకింది. పైకి ఎక్కలేకపోయాం. సాగర్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. పెద్దవాళ్లకు ఆ రోజంతా గుర్తున్నది కారు సీటే. ఆ రాత్రి మా అత్తగారు కాళ్లు వాచి మంచం మీద కూర్చోవడం చూశాక, మళ్లీ ఎవరినీ అలా తిప్పలేదు.

మ్యాప్‌లో వెతికేటప్పుడు జాగ్రత్త. మనకు పానగల్ పేరుతో రెండు ఊళ్లున్నాయి. ఒకటి వనపర్తి వైపు, కొండ మీద కోట ఉన్నది. మీకు కావాల్సింది నల్గొండ పట్టణానికి ఆనుకుని ఉన్న పానగల్. పిల్లలమర్రి విషయంలోనూ ఇదే తికమక: మహబూబ్‌నగర్ పిల్లలమర్రి అంటే ఊడలు దిగిన పెద్ద మర్రిచెట్టు, సూర్యాపేట పిల్లలమర్రి అంటే కాకతీయుల కాలం నాటి గుళ్లు. ఒకదానికి బయల్దేరి ఇంకోదానికి చేరిన వాళ్లు నాకు తెలుసు.

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాకా వచ్చి కుడివైపు తిరిగితే నల్గొండ. మొత్తం దాదాపు 100 కిలోమీటర్లు. ఆరింటికి బయల్దేరితే దారిలో టిఫిన్ చేసుకుని కూడా తొమ్మిదిలోపు పానగల్‌లో ఉంటారు. ఆ వేళకు చేరడం ముఖ్యం. గుడి లోపల చెప్పులు విప్పాలి, పదకొండు దాటితే నల్లరాయి కాలుతుంది. మీ మామగారికి షుగర్ ఉందని రాశారు కదా, అరికాళ్లకు వేడి తగిలినా వెంటనే తెలియకపోవచ్చు. ఆయనకు ఒక జత మందపాటి సాక్సులు పెట్టుకోండి.

ముందు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లండి. ఇది ఊరికి కాస్త అవతల, పొలాల మధ్య ఉంటుంది. కందూరు చోడులు కట్టించిన గుడి, 11–12 శతాబ్దాల నాటిది. వాళ్లు కల్యాణి చాళుక్యులకు సామంతులు, ఈ పానగల్ వాళ్ల రాజధానుల్లో ఒకటి. తర్వాత ఈ ప్రాంతం కాకతీయుల చేతికి వచ్చింది. గుడి త్రికూటం, అంటే మధ్యలో ఒకే మండపం, దాని చుట్టూ మూడు గర్భగుళ్లు. అందులో ఒకదాంట్లో శివలింగం వెనక గోడ మీద నిలువుగా ఒక స్తంభం నీడ కనిపిస్తుంది. పొద్దున వెళ్లినా సాయంత్రం వెళ్లినా అదే చోట ఉంటుంది. గుడికి ఆ పేరొచ్చింది అందుకే.

ఈ నీడ దగ్గర చాలామంది దండం పెట్టుకుని, ఫొటో తీసుకుని రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తారు. మీరు అలా చేయకండి. బాబుతో పాటు అక్కడ ఒక అరగంట ఉండండి. గుళ్లో రద్దీ లేకపోతే పూజారి గారిని అడిగి, బాబును మండపంలో ఒక్కో స్తంభం పక్కన నిలబెట్టి గోడ మీద ఏం మారుతుందో చూడమనండి. తన నీడ ఎక్కడ పడుతుంది, ఎక్కడ అసలు పడదు అన్నది వాడికే తెలిసొస్తుంది. గర్భగుడిలోకి ఎండ నేరుగా రాదు. బయట పరుచుకున్న వెలుతురు స్తంభాల సందుల్లోంచి పక్కలుగా లోపలికి వస్తుంది. ఆ వెలుతురు చేరని భాగం గోడ మధ్యలో ఒక పట్టీలా మిగులుతుంది. అంటే అది ఏదో ఒక్క స్తంభం నీడ కాదు, కొన్ని నీడలు ఒకదాని మీద ఒకటి పడి ఏర్పడినది. ఎండ దిశ మారినా చుట్టూ పరుచుకున్న వెలుతురు అలాగే ఉంటుంది కాబట్టి నీడ కదలదు. గర్భగుడిలో కరెంటు లైటు వెలుగుతుంటే నీడ పలచబడుతుంది, కాసేపు ఆపమని మర్యాదగా అడగండి. ఏ స్తంభం ఎక్కడ నిలపాలో ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల కింద లెక్క కట్టిన ఆ శిల్పులను తలుచుకుంటే, ఇన్నిసార్లు చూసిన నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అక్కడి నుంచి ఊళ్లోకి వస్తే పచ్చల సోమేశ్వరాలయం. లింగానికి పచ్చ పొదిగి ఉండేదని, దాని కాంతితో గుడి పచ్చగా మెరిసేదని ఊళ్లో చెప్పుకుంటారు. దీనికి నాలుగు గర్భగుళ్లు, డెబ్బై స్తంభాలు. స్తంభాల మీద సన్నటి పట్టీల్లో రామాయణ, భారత కథలు చెక్కి ఉంటాయి. మీ అత్తగారికి ఆ కథలు నోటికి వచ్చి ఉంటాయి, ఆవిడనే ముందు నడవనివ్వండి. ఒక్కో పట్టీ దగ్గర ఆగి ఇది ఏ ఘట్టం అని మనవడికి ఆవిడ చెప్తుంటే గైడ్ అవసరమే రాదు. బయటి గోడల మీద శివుడి లీలలు పెద్దగా చెక్కారు, గజాసురుణ్ణి చంపే దృశ్యం తప్పకుండా వెతకండి. గుడి ఆవరణలోనే మ్యూజియం ఉంది. జిల్లాలో పలు చోట్ల దొరికిన విగ్రహాలు, శాసనాలు అక్కడికి చేర్చారు. ఆరుబయట నిలబెట్టిన రాళ్లను కూడా వదలకండి.

ఈ రెండు గుళ్లూ మరీ నేలమట్టమైన శిథిలాలు కావు, పూజలు జరుగుతూనే ఉన్నాయి. సిసిలీలో చూసినట్టు స్తంభాలు మాత్రమే నిలిచి, దేవుడు లేని గుడి కావాలంటే ఇవి కాదు. నా మట్టుకు నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. కొన్ని రాళ్లు పక్కకు ఒరిగాయి, కొన్ని విగ్రహాల ముక్కులు పోయాయి, అయినా లోపల దీపం వెలుగుతోంది.

తర్వాత ఉదయసముద్రం కట్ట మీదికి రండి. చాలామంది దీన్ని దారిలో కనిపించే చెరువనుకుని వదిలేస్తారు. నన్నడిగితే ఈ రోజు మొత్తానికీ తాళంచెవి ఇదే. కందూరు చోడుల్లో ఉదయుడి పేరు మీద తవ్వించిన చెరువు ఇది, గుళ్లు కట్టిన వంశమే దీన్నీ కట్టింది. ఈ మెట్ట నేలలో నీళ్లు నిలిపితే తప్ప ఊరు నిలవదు, ఊరు నిలిస్తే తప్ప గుడిలో దీపం వెలగదు అన్నది వాళ్లకు బాగా తెలుసు. ఇప్పుడు ఆ చెరువులోకి కృష్ణ నీళ్లు వస్తున్నాయి. నాగార్జునసాగర్ వెనక జలాల నుంచి పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తి అక్కంపల్లి రిజర్వాయర్‌లో పోస్తారు, అక్కడి నుంచి కాలువలో ఉదయసముద్రానికి. దాన్నే ఎఎమ్మార్పీ (అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ అంటారు. హైదరాబాద్‌కు వచ్చే కృష్ణా మంచినీళ్లు కూడా ఆ అక్కంపల్లి నుంచే వెళ్తాయి. మీ ఇంటి నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయంటే, కట్ట మీద నిలబడి మీరు చూస్తున్న నీళ్లూ అవీ ఒక్క చోటి నుంచి చీలి వచ్చినవే. ఈ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ వైపు పల్లెల్లో బోరు నీళ్ల ఫ్లోరైడ్‌తో ఎముకలు వంకర్లు పోయిన మనుషులను నేను సర్వీసులో రోజూ చూశాను. అందుకే ఆ కట్ట మీదికి వెళ్లినప్పుడల్లా నీళ్లను చూస్తూ కాసేపు ఊరికే నిలబడతాను.

మధ్యాహ్నం భోజనం నల్గొండ టౌన్‌లో చేయొచ్చు. నా సలహా మాత్రం ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం కట్టుకుని తోటలోనే తినడం. మీరు మళ్లీ కావాలనుకుంటున్నది అదే కదా.

ఇక తోట. నల్గొండ నుంచి దేవరకొండ రోడ్డు పట్టుకుంటే కనగల్, గుర్రంపోడు వైపు రోడ్డుకు రెండు పక్కలా బత్తాయి తోటలు కనిపిస్తాయి. టికెట్టు పెట్టి లోపలికి పంపే తోటలు కావివి, రైతుల సొంత తోటలు. కాబట్టి తెలిసినవాళ్ల ద్వారా ముందు రోజే ఫోన్ చేయించుకోవడం మంచిది. ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో నల్గొండవాళ్లు ఎవరో ఒకరు ఉండకపోరు, వాళ్ల చిన్నాయనకో మేనమామకో నాలుగెకరాల తోట ఉండే ఉంటుంది. ఎవరూ దొరక్కపోతే రోడ్డు పక్క కాయలు అమ్ముకునే రైతు దగ్గర ఆగి, కొని, మాట కలిపి అడగండి. "తోట చూసిపోతం, పిల్లగానికి చూపిస్తం" అంటే కాదనే రైతు నాకు ఇంతవరకు తగల్లేదు.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. చాలామంది రైతులు కాయ చెట్టు మీద ఉండగానే తోటను వ్యాపారికి గుత్తకు ఇచ్చేస్తారు. అలాంటప్పుడు చెట్టు రైతుది, కాయ వ్యాపారిది. కావలి మనిషిని అడక్కుండా ఒక్క కాయ తెంపినా ఆ లెక్క రైతు మెడకు చుట్టుకుంటుంది. అమ్మేటప్పుడు ఎలాగూ తరుగు పేరుతో కొంత బరువు కోసేస్తారు, దాని మీద ఇంకో మాట పడకూడదు. అందుకే లోపలికి వెళ్లగానే "కాయ ఎవరిది?" అని అడగండి. కొన్న కాయకు వాళ్లు చెప్పిన ధర ఇవ్వండి, బేరం ఆడకండి.

ఇక్కడి రకం సాత్గుడి. అంటు మొక్కే నాటుతారు, అడుగున రంగపూర్ నిమ్మ, జంభేరి లాంటి నిమ్మజాతి వేరు, పైన బత్తాయి. కాండం మీద నేలకు కొద్దిగా పైన ఒక కణుపులా ఉబ్బి ఉంటుంది, రెండూ అతికిన చోటు అదే. బాబుకు దాన్ని చేత్తో తడిమి చూపించండి. నాటిన నాలుగైదేళ్లకు కాపు మొదలవుతుంది, బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు దాటి కాస్తుంది. ఎనిమిది మీటర్ల ఎడంలో నాటిన పాత తోటల్లో ఎకరానికి 60 పైచిలుకు చెట్లుంటాయి, ఆ చెట్ల మధ్య దుప్పటి పరుచుకుని నలుగురు హాయిగా కూర్చోవచ్చు. కొమ్మలకు ముళ్లుంటాయి, పిల్లవాణ్ణి చెట్టులోకి దూరనివ్వకండి. పాదుల్లో కాలు పెట్టకండి, డ్రిప్ పైపులు తొక్కకండి. మందు కొట్టి వారం కూడా కాని తోటలోకి అసలు వెళ్లొద్దు. ఈ మాట రైతును మొహమాటం లేకుండా అడగండి.

ఆయన తీరిగ్గా ఉంటే బెట్ట గురించి చెప్పించుకోండి. చెట్టుకు నీళ్లు ఆపేసి, ఆకు కొంచెం వాడేదాకా ఎండగట్టడాన్ని బెట్ట అంటారు. తర్వాత ఎరువేసి నీళ్లు వదిలితే చెట్టు ఒక్కసారిగా పూతకు వస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో వచ్చిన ఆ పూత ఎనిమిది, తొమ్మిది నెలలకు సీజన్ కాయ అవుతుంది. వానాకాలం మొదట్లో పూసేదాన్ని కత్తెర కాపు అంటారు, దాని కాయ ఎండాకాలం మొదట్లో వస్తుంది, కాయ తక్కువ, ధర ఎక్కువ. బెట్ట ఎన్ని రోజులు పెట్టాలన్నది నేలను బట్టి, చెట్టు బలాన్ని బట్టి రైతు చూపుతోనే తేలుతుంది. నాలుగు రోజులు ఎక్కువైతే కొమ్మలు ఎండిపోతాయి, తక్కువైతే పూత చెదురుమదురుగా వస్తుంది. నేను పుస్తకంలో చదివి వచ్చి చెప్పిన రోజుల లెక్కకంటే ఒక ముసలి రైతు ఆకు నలిపి చూసి చెప్పిన లెక్కే నిజమైన సందర్భాలు ఎన్నో.

బెట్ట అంటే మనం ఇష్టంతో పెట్టేది. కరువు అలా చెప్పి రాదు. బోర్లు ఎండిపోయిన ఏళ్లలో ట్యాంకర్లతో నీళ్లు కొని తెచ్చి పాదుల్లో పోసిన రైతులను చూశాను. అప్పటికీ నిలవక, పదిహేనేళ్ల చెట్లను మొదలంటా కొట్టించి, ఆ రోజు అన్నం తినని ఇళ్లను కూడా చూశాను. పొద్దున కట్ట మీద నిలబడమని ఎందుకు చెప్పానో తోటలో ఈ మాట విన్నాక మీ బాబుకు కూడా అర్థమవుతుంది.

కాయ ఎంచుకునే పద్ధతి చెప్తాను. బత్తాయి మన వాతావరణంలో బాగా పండినా పూర్తిగా పసుపు రంగులోకి తిరగదు, ఆకుపచ్చలో పసుపు ఛాయ వస్తే చాలు. కోశాక ఇంట్లో పెట్టినా మాగదు, చెట్టు మీద ఎంత తీపి ఎక్కిందో అంతే. సైజు చూడకండి, చేతిలో బరువు చూడండి. తొక్క మీద గోధుమ రంగు మచ్చ పరుచుకున్న కాయలను మంగు కాయలంటారు. కంటికి కనిపించనంత చిన్న నల్లి తొక్కను గీకడం వల్ల వచ్చే మచ్చ అది. మార్కెట్లో వాటికి రేటు పడిపోతుంది కానీ లోపల తొనలకు ఏమీ కాదు. నేను ఇంటికి తెచ్చుకునేవి అవే. తొక్కలో సూదితో పొడిచినంత రంధ్రం ఉండి, చుట్టూ మెత్తబడితే మాత్రం వదిలేయండి. రాత్రిపూట వచ్చే రెక్కల పురుగు రసం పీల్చిన కాయ అది, లోపల కుళ్లు మొదలై ఉంటుంది.

ఎప్పుడు రావాలంటే, నా ఓటు సెప్టెంబర్ ఆఖరు నుంచి అక్టోబర్‌కి. చెట్టు మీద కాయ ఉంటుంది, మంచి వానలు పడ్డ ఏడు చెరువు నిండుగా ఉంటుంది. రెండోది జనవరి ఆఖరు, ఫిబ్రవరి. పూత సమయంలో తోట వాసన ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను, కారు అద్దం దించితే రోడ్డు మీదికే తెలుస్తుంది. కానీ అప్పుడు నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు జాతర, ఆ వెంటనే శివరాత్రి ఉంటాయి, ఆ రోజులు తప్పించండి. కార్తీక సోమవారాలు కూడా గుళ్లలో తీరిక దొరకదు.

పిల్లలమర్రి, ఫణిగిరి ఇంకో రోజుకు ఉంచుకోండి. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లున్నాయి, ఎరకేశ్వరాలయం 1208 నాటిది. ఫణిగిరి రెండువేల ఏళ్ల నాటి బౌద్ధ క్షేత్రం, అక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లి వచ్చాయి. గుట్ట ఎక్కాలి, పెద్దవాళ్లకు కష్టం. పాలమూరు వైపే కావాలంటే తుంగభద్ర ఒడ్డున ఆలంపురం నవబ్రహ్మ ఆలయాలు, వేసవిలో కొల్లాపూర్ మామిడి తోటలు కలిపి చూడొచ్చు, కానీ దానికి ఒక రాత్రి బస తప్పదు.

తోటలో నాలుగు, నాలుగున్నరకు లేస్తే చీకటి పడి కాసేపటికి ఇంట్లో ఉంటారు. ఒక చాకు, కొంచెం ఉప్పుకారం పొట్లం వెంట పెట్టుకోండి, చెట్టు కింద కోసిన కాయకు అవి చాలు. జ్యూస్ తీసి సీసాలో పోసుకు రావొద్దు, బత్తాయి రసం నిలవుంటే చేదెక్కుతుంది, గింజ నలిగితే ఇంకా తొందరగా. కాయలుగానే తెచ్చుకోండి. ప్లాస్టిక్ కవర్లో కట్టకుండా గోనె సంచిలో గాలి తగిలేలా వేసి డిక్కీలో కాకుండా కాళ్ల దగ్గర పెట్టుకుంటే, ఇంటికెళ్లాక నీడపట్టున పది రోజులు బాగానే ఉంటాయి.